మందుల వల్ల గుండె లయ తప్పకుండా చూసుకోవడం ఎలా

నడి వేసవిలో వాంతులు, భేదులు పట్టుకున్న డెబ్బై ఏళ్ళ అవ్వకు ఒక్కరోజులో ఎన్ని మందులు పడతాయో లెక్కపెట్టండి. పొద్దున పరగడుపున గ్యాస్ మాత్ర. అందులో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ ఉంటుంది. టిఫిన్ తర్వాత బీపీ మాత్ర. టెల్మిసార్టాన్‌కు తోడు క్లోర్‌థాలిడోన్. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర వాంతులకు ఒండాన్‌సెట్రాన్ సూది, భేదులకు ఆఫ్లాక్సాసిన్ మాత్ర. దగ్గు కూడా ఉందంటే అజిత్రోమైసిన్ 500. రాత్రికి, ఆందోళన తగ్గడానికి ఏడాదిగా వాడుతున్న ఎస్సిటలోప్రామ్. ఈ ఆరూ రోజూ లక్షలమంది వేసుకునేవే. కానీ వీటిలో ఐదు, గుండె ప్రతి కొట్టుడు తర్వాత విద్యుత్‌పరంగా తేరుకునే సమయాన్ని సాగదీస్తాయి. ఆరోదైన బీపీ మాత్ర ఒంట్లోని పొటాషియంను మూత్రంలో పంపేస్తుంది. భేదులు ఇంకొంత లాగేస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి వీటిలో ఒక్క మందు వల్ల ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. ప్రమాదం పేరుకుంటుంది: ఒక మందు మీద ఇంకొకటి, దాని మీద లవణాల లోటు, దాని మీద వయసు. గ్యాస్ మాత్ర రాసింది ఒకరు, బీపీ మాత్ర ఇంకొకరు, సూది వేసింది మూడో మనిషి. ఎవరి చీటీ వారికి సరిగ్గానే కనిపిస్తుంది. అన్నీ కలిపి చూడగలిగేది ఇంట్లోవాళ్ళు, మందుల షాపువాళ్ళు మాత్రమే. అందుకే ఇది వాళ్ళ కోసం.

గుండెలో ఏం జరుగుతుంది

గుండె కండరం ముడుచుకున్న ప్రతిసారీ, మళ్ళీ విశ్రాంతి స్థితికి రావడానికి కణాల్లోంచి పొటాషియం బయటికి పోవాలి. అది పోయే ప్రధాన మార్గాల్లో ఒకటి హెర్గ్ అనే చానల్. పైన చెప్పిన ఐదు మందులు ఆ చానల్‌ను కొంతమేర మూసేస్తాయి. కణం తేరుకోవడం ఆలస్యమవుతుంది. ఈసీజీలో క్యూ గీత మొదలైన చోటునుంచి టీ గీత ముగిసే చోటుదాకా ఉండే దూరమే ఈ సమయం. దాన్ని క్యూటీ అంటారు.

క్యూటీ మరీ సాగితే, కణం పూర్తిగా తేరుకోకముందే ఇంకో విద్యుత్ తాకిడి పుడుతుంది. అక్కడినుంచి గుండె కింది గదులు నిమిషానికి 200 దరిదాపుల్లో అదుపు లేకుండా కొట్టుకోవచ్చు. ఈసీజీ గీతలు మెలిపెట్టినట్టు కనిపించే ఈ లయను 1966లో ఫ్రెంచి వైద్యుడు డెసెర్టెన్ వర్ణించి టోర్సాడ్ డి పాయింట్స్ అని పేరు పెట్టాడు. ఆ వేగంలో గుండె రక్తాన్ని సరిగా తోయలేదు. కొన్ని సెకన్లలో దానంతట అదే ఆగిపోతే మనిషి కళ్ళు తిరిగి పడి లేస్తాడు. ఆగకపోతే గుండె వణుకులోకి దిగి నిమిషాల్లో ప్రాణం పోతుంది.

మెదడుకు రక్తం అందనప్పుడు కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు. చూసినవాళ్ళు మూర్ఛ అనుకుంటారు. మూర్ఛ మందు మొదలవుతుంది, ఈసీజీ మాత్రం ఎవరూ తీయరు. కొత్త మందు మొదలుపెట్టిన రోజుల్లో వచ్చిన మొదటి ఫిట్స్‌ను ఈసీజీ తీయకుండా ఫిట్స్ అని తేల్చనివ్వకండి.

మందులన్నీ ఒక్కచోట పరచండి

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, సీసాలు, సూది చీటీలు అన్నీ మంచం మీద పరచండి. బ్రాండు పేరు పక్కన పెట్టి, దాని కింద ముద్రించిన అసలు మందు పేరు చదవండి. గ్యాస్ మాత్రలో, దగ్గు సిరప్‌లో, కలిపి చేసిన బీపీ మాత్రలో రెండు మూడు పేర్లుంటాయి. అన్నీ రాసుకోండి. గత రెండు వారాల్లో వాడి ఆపేసినవీ రాయండి. అజిత్రోమైసిన్ మూడు రోజుల కోర్సు అయిపోయాక కూడా కొన్ని రోజులు ఒంట్లో ఉంటుంది. సగానికి తగ్గడానికే 68 గంటలు పడుతుంది. గుండె లయకు వాడే అమియోడరోన్ ఆపాక వారాలు, నెలలు ఉంటుంది.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరు ఉన్న ముక్క అక్కడే ఉండిపోతుంది. ఆర్ఎంపీ కాగితం పొట్లంలో కట్టిచ్చిన విడి మాత్రలకు పేరే ఉండదు. కత్తిరించే ముందు స్ట్రిప్పును ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పొట్లం మీద పేరు రాసివ్వమని అడగండి. సూది వేసినా దాని పేరు అడిగి రాయించుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

ఇప్పుడు ఆ జాబితాలో వీటికోసం వెతకండి.

డోంపెరిడోన్. మన దగ్గర ఎక్కువమంది తెలియకుండా వాడేది ఇదే. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లో పెద్దలకు పూటకు 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లకు మించొద్దని, మామూలుగా వారం దాటించొద్దని చెప్పింది. రోజుకు 30 మిల్లీగ్రాములు దాటినవారిలో, 60 ఏళ్ళు పైబడినవారిలో ముప్పు ఎక్కువ. ఇక్కడ దొరికే చాలా గ్యాస్ క్యాప్సూళ్ళలో ఒక్కదానిలోనే 30 మిల్లీగ్రాములుంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి రోజూ పొద్దున వేసుకునేవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. కడుపు మంటకు అందులో పనిచేసేది పాంటోప్రజోల్ లేదా రాబెప్రజోల్. వాంతులు, కడుపుబ్బరం లేనివారికి డోంపెరిడోన్ కలపని మాత్ర సరిపోతుందేమో డాక్టరును అడగండి. ఇంకో మాట: ఏడాదికి పైగా వాడితే ఈ ప్రజోల్ మందులు కొందరిలో మెగ్నీషియంను తగ్గిస్తాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే ఈ హెచ్చరిక ఇచ్చింది. క్యూటీని సాగదీసే మందూ, మెగ్నీషియంను తగ్గించే మందూ ఒకే క్యాప్సూల్‌లో ఉన్నాయన్నమాట.

ఒండాన్‌సెట్రాన్. 4 మిల్లీగ్రాముల మాత్రతో మామూలు మనిషికి భయం లేదు. నరంలోకి గబగబా ఎక్కించే పెద్ద డోసుతోనే చిక్కు. 32 మిల్లీగ్రాముల ఒకే డోసును 2012లో అమెరికాలో తీసేశారు. నరం ద్వారా ఒకసారికి 16 దాటకూడదు. భేదులతో పొటాషియం పడిపోయినవారికి చిన్న డోసైనా నెమ్మదిగానే ఇవ్వాలి.

యాంటీబయోటిక్స్‌లో అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ ఒక కుటుంబం. మాక్సిఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ ఇంకో కుటుంబం. పడిశానికి, వైరల్ జ్వరానికి ఇవి పనిచేయవు. అక్కడ లాభం సున్నా, ముప్పు మాత్రం ఉంటుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్‌లతో రెండో బెడద కూడా ఉంది. ఇవి కాలేయంలో డోంపెరిడోన్‌ను విరిచే ఎంజైమును అడ్డుకుంటాయి, డోంపెరిడోన్ రక్తంలో పేరుకుపోతుంది. కడుపు పుండుకు 14 రోజుల కిట్ వాడేటప్పుడు అందులో క్లారిత్రోమైసిన్ ఉంటే, పాత గ్యాస్ క్యాప్సూల్ పక్కన పెట్టించుకోవాలి. తామరకు వాడే ఫ్లూకోనజోల్, ఇట్రాకోనజోల్‌లు కూడా ఆ ఎంజైమును అడ్డుకునేవే. మన ఉడుకులో తామర ఎక్కువ, వారాల తరబడి కోర్సులు ఎక్కువ. కాబట్టి ఈ జోడీ తరచూ తగులుతుంది. ఆ తామర దురదకు తోడుగా ఇచ్చే హైడ్రాక్సిజీన్ కూడా క్యూటీ మందే. 2015 నుంచి యూరప్‌లో దానికి పెద్దలకు రోజుకు 100, వృద్ధులకు 50 మిల్లీగ్రాముల హద్దు ఉంది.

మనసు మందులు: సిటలోప్రామ్ 60 ఏళ్ళు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, ఎస్సిటలోప్రామ్ 65 దాటినవారికి 10 మించొద్దు. హాలోపెరిడాల్, అమిట్రిప్టిలిన్ కూడా ఈ జాబితాలోవే. వీటిని ఈ వ్యాసం చదివి మీ అంతట మీరు ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే వచ్చే నష్టం వేరే ఉంటుంది. చేయాల్సింది ఈసీజీ తీయించుకోవడం.

కీళ్ళవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్, మలేరియాకు వాడే క్లోరోక్విన్, క్వినైన్ కూడా చేర్చుకోండి. మొండి క్షయకు వాడే బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్, క్లోఫజిమిన్ మూడూ క్యూటీని సాగదీసేవే. అందుకే ఆ చికిత్సకు ముందు, మధ్యలో ఈసీజీలు తీస్తారు. ఆ తేదీలు తప్పించుకోవద్దు. గుండె లయ సరిచేయడానికి ఇచ్చే సోటలాల్, అమియోడరోన్‌లకు కూడా ఇదే గుణం ఉంది.

ఈ జాబితాలో ఒకటే ఉండి, మనిషి వయసులో ఉండి, లవణాలు బాగుంటే వేసుకోవచ్చు. రెండు ఉంటే రెండో మందు రాసినవారికి మొదటిదాని సంగతి చెప్పి తీరాలి. మూడు ఉంటే ఈసీజీ లేకుండా ముందుకు పోవద్దు.

ఆడవాళ్ళకు ఇది మగవాళ్ళకంటే ఎక్కువగా వస్తుంది. వారి క్యూటీ సహజంగానే కాస్త పొడవు. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు, లివర్ జబ్బు, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం, 65 దాటిన వయసు, వీటిలో ఏదున్నా ఒక మందును రెండుగా లెక్కేసుకోవడం క్షేమం. అది వైద్యశాస్త్ర సూత్రం కాదు, ఇంట్లో జాగ్రత్తకు పనికొచ్చే లెక్క.

ఎండాకాలం, పొటాషియం, గ్లూకోజ్ బాటిల్

పొటాషియం తగ్గితే హెర్గ్ చానల్ ఇంకా మందగిస్తుంది, మందు పట్టు దానిమీద ఇంకా బిగుస్తుంది. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 దాకా మామూలు. క్యూటీ మందులు వాడేవారిలో 4కు పైనే ఉంచాలని గుండె వైద్యులు చూస్తారు. మెగ్నీషియం డెసిలీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి. మెగ్నీషియం తక్కువగా ఉంటే ఎంత పొటాషియం ఇచ్చినా నిలవదు. కాబట్టి రెండూ కలిపి పరీక్ష చేయించాలి. మామూలుగా రాసే ఎలక్ట్రోలైట్స్ పరీక్షలో మెగ్నీషియం ఉండదు, విడిగా అడగాలి.

కర్నూలు, అనంతపురం, కడపల్లో మార్చి చివరినుంచే ఎండ ముదురుతుంది, 40 డిగ్రీలు దాటడం మామూలు. శనగ కల్లాల్లో, గ్రానైట్ క్వారీల్లో, ఇటుక బట్టీల దగ్గర పనిచేసేవారికి చెమటతోనే నీళ్ళు, లవణాలు పోతాయి. దానికి ఫ్రూసెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి మూత్రం మాత్ర తోడైతే ఖాళీ అవడం తొందరగా జరుగుతుంది. పిక్కలు పట్టేయడం, కాళ్ళలో సత్తువ లేకపోవడం, మెట్టెక్కలేకపోవడం మొదటి సూచనలు. భేదులు, వాంతులు మొదలైన రోజే మూత్రం మాత్ర ఆ పూటకు ఆపాలా వద్దా అని బీపీ డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

నీరసానికి గ్లూకోజ్ ఎక్కించమని అడగడం మన ఊళ్ళలో అలవాటు. గ్లూకోజ్ బాటిల్‌లో పొటాషియం ఉండదు. పైగా గ్లూకోజ్ ఎక్కగానే ఒంట్లో ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన పొటాషియంను కణాల్లోకి నెట్టేస్తుంది. పొటాషియం తక్కువగా ఉన్న మనిషికి ఉత్త గ్లూకోజ్ బాటిల్ పెట్టి, అందులోనే ఒండాన్‌సెట్రాన్ కలపడం నిజంగా ప్రమాదకరమైన పని. తాగగలిగినవారికి ఓఆర్ఎస్ అంతకంటే చాలా మేలు. లీటరు పొడి ప్యాకెట్టును కొలిచిన లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసులో సగం పొడి వేస్తే భేదులు పెరుగుతాయి. ప్యాకెట్ మీద పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు అని ఉందో లేదో చూడండి. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు.

టెంకాయ నీళ్ళు, అరటిపండు, మజ్జిగ మంచివే, కిడ్నీలు బాగున్నవారికి. కిడ్నీ జబ్బు ఉండి, టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్‌తో పాటు స్పైరోనోలాక్టోన్ వాడుతూ, రోజూ టెంకాయ నీళ్ళో పొటాషియం సిరప్పో తాగితే పొటాషియం హద్దు దాటి పెరుగుతుంది. అప్పుడు గుండె వేగం పెరగదు, నెమ్మదించి ఆగిపోతుంది. అదీ ప్రాణాంతకమే.

ఈసీజీ కాగితం మీద చూడాల్సింది

ఏరియా ఆసుపత్రుల్లో ఈసీజీ తీస్తారు, పది నిమిషాల పని. కాగితం పైభాగాన యంత్రం క్యూటీ, క్యూటీసీ అని రెండు అంకెలు ముద్రిస్తుంది. క్యూటీసీ అంటే గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ. మగవారికి 450 మిల్లీసెకన్లు, ఆడవారికి 460 దాకా మామూలు. 500 దాటితే ఆ రోజే డాక్టరు చూడాలి. మందుకు ముందు తీసిన ఈసీజీ కంటే 60 పెరిగినా అంతే. అందుకే పాత కాగితం దాచుకోవాలి. వేడికి ఆ అచ్చు వెలిసిపోతుంది కాబట్టి ఫొటో తీసి పెట్టుకోండి.

యంత్రం అంకెను కంటితో ఇలా సరిచూడవచ్చు. కాగితం మామూలు వేగంలో ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. ఒక ఆర్ మొన (నిటారుగా పైకి లేచే గీత కొన) నుంచి తర్వాతి ఆర్ మొనదాకా 20 చిన్న గడులు ఉన్నాయనుకోండి, అంటే 800 మిల్లీసెకన్లు, నాడి 75. క్యూ మొదలునుంచి టీ ముగింపుదాకా 11 గడులుంటే క్యూటీ 440. టీ గీత రెండు ఆర్ మొనల మధ్య సగం దాటిపోయింది కాబట్టి అనుమానించాలి. లెక్క కట్టాలంటే 440ని 0.8 (800 మిల్లీసెకన్లు అంటే 0.8 సెకను) వర్గమూలంతో, అంటే సుమారు 0.894తో భాగించండి: 492. నాడి 60 నుంచి 100 మధ్య ఉన్నప్పుడే ఈ సగం గుర్తు పనికొస్తుంది. జ్వరంతో నాడి 110 కొడుతుంటే ఈ సూత్రం క్యూటీసీని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నాడి క్రమం తప్పినవారిలో యంత్రం అంకెను నమ్మకూడదు.

లయ తప్పించే మిగతా జోడీలు

డిగాక్సిన్ వేరే దారిలో హాని చేస్తుంది. కవాటాల జబ్బుకు, గుండె బలహీనతకు 0.25 మిల్లీగ్రాముల మాత్ర వాడేవారు మన దగ్గర ఇంకా ఉన్నారు. మందు మోతాదుకూ విషం మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. భేదులతో కిడ్నీ మందగించినా, మూత్రం మాత్రతో పొటాషియం పడిపోయినా, క్లారిత్రోమైసిన్, వెరాపమిల్, అమియోడరోన్‌లలో ఏదో తోడైనా విషం పాలవుతారు. అన్నం సయించకపోవడం, వికారం, చూపు పచ్చగా అనిపించడం, నాడి 60 కంటే కిందికి దిగడం దాని గుర్తులు. ఆ వికారాన్ని గ్యాస్ అనుకుని ఇంకో డోంపెరిడోన్ వేసుకోవడమే అన్నిటికంటే చెడ్డ పొరపాటు.

ఆయాసానికి డెరిఫిలిన్ వాడుతున్నవారికి సిప్రోఫ్లాక్సాసిన్ ఇస్తే డెరిఫిలిన్‌లో ఉండే థియోఫిలిన్ రక్తంలో పెరిగి చేతులు వణకడం, వాంతులు, గుండె దడ, ఫిట్స్ దాకా పోతుంది. అటెనోలాల్ లేదా మెటోప్రోలాల్‌తో వెరాపమిల్ కలిస్తే గుండె మరీ నెమ్మదిస్తుంది. కంటి శుక్లాలకు కాదు గానీ నీటికాసులకు వేసే టిమోలాల్ చుక్కలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. కంటి చుక్కలని జాబితాలోంచి వదిలేయకండి.

మనిషి పడిపోతే

హెచ్చరిక లేకుండా తూలి పడటం, కూర్చున్నచోటే కళ్ళు చీకట్లు కమ్మడం, ఉన్నట్టుండి దడ మొదలై చెమటలు పట్టడం, ఇవి కొత్త మందు మొదలైన రోజుల్లో వస్తే తర్వాతి మోతాదు వేయకుండా నేరుగా ఈసీజీ ఉన్నచోటుకు పోవాలి. సొంత బండి మీద వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దు, దారిలో మళ్ళీ పడవచ్చు. 108కు ఫోన్ చేయండి.

పిలిస్తే పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే, చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్ళు పోయడం మానేసి వెంటనే ఛాతీ నడుమ రెండు అరచేతులతో నొక్కాలి. 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఒకరు అలసిపోతే రెండు నిమిషాలకోసారి ఇంకొకరు మారాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.

కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళినా, అనంతపురం సర్వజన ఆసుపత్రికి వెళ్ళినా, కడప రిమ్స్‌కు వెళ్ళినా మందుల సంచీ వెంట ఉండాలి. క్యాజువాలిటీలో మొదటి మాట ఇదిగా ఉండాలి: ఈ మందులు వాడుతున్నారు, పడిపోయారు, క్యూటీ చూడండి. ఇది టోర్సాడ్ అని తేలితే ఇచ్చే మందు మెగ్నీషియం సల్ఫేట్, నరంలోకి 2 గ్రాములు. రక్తంలో మెగ్నీషియం మామూలుగా ఉన్నా సరే ఇస్తారు. పొటాషియంను 4.5 పైకి తెస్తారు, నాడి లేకపోతే షాక్ ఇస్తారు. మామూలు లయ జబ్బులకు ఇచ్చే అమియోడరోన్ ఇక్కడ హాని చేస్తుంది. అందుకే మందుల జాబితా డాక్టరు చేతికి మొదటి నిమిషాల్లోనే అందడం అంత ముఖ్యం.

తేరుకున్నాక, కుటుంబంలో

ఒక మందుతో ఇలా జరిగినవారికి ఆ మందు పేరు, క్యూటీసీ అంకె డిశ్చార్జి కాగితం మీద రాయించాలి. ఆ కాగితాన్ని లామినేట్ చేయించి పర్సులో పెట్టండి. పంటి డాక్టరుకు, కంటి ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు కూడా చూపించండి.

కొందరికి పుట్టుకతోనే క్యూటీ పొడవుగా ఉంటుంది; మందు దాన్ని బయటపెడుతుంది. ఇంట్లో ఎవరైనా నలభై లోపే నిద్రలో, పరుగులో, బావిలో ఈదుతూ హఠాత్తుగా చనిపోయి ఉంటే తోబుట్టువులకు, పిల్లలకు ఒక ఈసీజీ తీయించాలి. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1957లో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే వైద్యులు గుర్తించిన జబ్బులో పిల్లలకు పుట్టు చెవుడూ, పొడవైన క్యూటీ రెండూ ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరినుంచీ లోపం వస్తేనే అది పుడుతుంది, రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు జరిగిన చోట దాని అవకాశం పెరుగుతుంది. పుట్టుకతో వినపడని పిల్లలు ఉలిక్కిపడినప్పుడో, ఆడుకుంటూనో స్పృహ తప్పితే అది ఫిట్స్ అని సరిపెట్టుకోకండి. చెవి పరీక్షకు తీసుకెళ్ళిన రోజే ఈసీజీ తీయించండి. ఈసీజీ ఫలితం వచ్చేలోపు ఆ బిడ్డకు వాంతులకైనా, జ్వరానికైనా పైన చెప్పిన మందులు వేయించకండి.